పాత మోటారు దగ్గు

మా పడవ మోటారు ముసలిదైపోయింది. మార్చాలా వద్దా అని నెలల తరబడి తేల్చుకోలేకపోయాను. చివరికి సూళ్లూరుపేట మెకానిక్ ఖాదర్ భాయ్, మద్రాసు నుంచి రైల్లో వచ్చిన కొత్తదాన్ని బిగించి, "వాడి చూడు, నచ్చితేనే ఉంచుకో" అన్నాడు.

ఈ పొద్దున అమ్మడానికి గాజులూ చీరలూ ఎక్కించుకుని పులికాట్ సరస్సులో బయలుదేరాను. మిగతావన్నీ తెరచాప పడవలే. మోటారున్నది నా పడవ ఒక్కటే, అదీ ఈసారి చప్పుడే లేకుండా దూసుకుపోయింది. తీరా చూస్తే, ఎప్పుడూ ఆడవాళ్లతో కిటకిటలాడే లంక రేవులో ఈ రోజు ఒక్క మనిషీ లేడు. ఎండలో కూర్చుని విసుగెత్తి, ఊళ్లోకి నడిచి, ఎప్పుడూ నా దగ్గరే గాజులు కొనే పోలమ్మ తలుపు తట్టాను.

"ఎప్పుడొచ్చినావు మస్తానన్నా?" అని ఆమె నోరు వెళ్లబెట్టింది. "నీ మోటారు దగ్గితేనే గదా మేం పొయ్యి మీది కూర దించి రేవుకొచ్చేది! దొంగ మాదిరి వస్తే మాకెట్ట తెలుస్తాది?"

సాయంత్రం కొత్తది తిరిగి ఇచ్చేశాను. పాతదాన్ని బాగు చేయమన్నాను గానీ, దగ్గు మాత్రం తగ్గించొద్దని గట్టిగా చెప్పాను. ఖాదర్ భాయ్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

నాకు జ్వరమేమీ లేదని మీరైనా నమ్ముతారా?