అమ్మ చూడని తిమింగలం

మా తెలుగు సంఘం వాళ్ళు లౌటోకా రేవు నుంచి తిమింగలాలు చూపించడానికి పడవ మాట్లాడిన రోజు గురించి ఎవరైనా "ఎంత బాగా జరిగిందో" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మకు తిమింగలం కనబడలేదు. నేను వెళ్ళింది ఆమెకు అది చూపించడానికే.

రారవాయి చక్కెర మిల్లులో పనిచేసిన తాత, అమ్మ వాళ్ళ నాన్న, గిర్మిట్ కూలి ఒప్పందం మీద ఓడలో ఈ దీవులకు వచ్చేటప్పుడు ఒక తిమింగలాన్ని చూశాడట. ఆ ప్రయాణం గురించి ఆయన నవ్వుతూ చెప్పింది ఆ ఒక్క సంగతే. అది తనూ చూడాలని అమ్మకు చిన్నప్పటి నుంచీ కోరిక. అప్పటికే ఆమె కళ్ళలో పొర ముదురుతోంది. ఇంకో ఏడాది ఆగితే దూరాన ఉన్నదేదీ ఆనదని నా భయం.

పడవ ఎక్కగానే సంఘం అధ్యక్షుడు మర్యాద మొదలుపెట్టాడు. "పెద్దావిడ, ఎండలో ఎందుకు? లోపల మెత్తటి కుర్చీ వేయించాను" అంటూ అమ్మను గదిలో అన్నం గిన్నెల పక్కన కూర్చోబెట్టాడు. ఉప్పు పేరుకుని ఆ కిటికీ అద్దం మజ్జిగలా ఉంది. బయట అంచున ఉన్న జాగా మాత్రం ఆయన బావమరిది కుటుంబానికి. నేను అడిగితే, "అరే భయ్యా, తిమింగలం వస్తే పిలవమా?" అన్నాడు. అంతకు ముందు దీపావళికి అమ్మను స్తంభం వెనక కూర్చోబెట్టింది కూడా ఈయనే. నేను మరచిపోలేదు.

మగవాళ్ళంతా గది గుమ్మం ముందే బేసిన్ పెట్టుకుని, చుట్టూ కూర్చుని, మత్తు వేరు పొడి నీళ్ళలో పిసికి గ్రోగు కలిపారు. కొంతసేపటికి "అదిగో! అదిగో!" అని కేకలు. అమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు కొబ్బరి చిప్ప నా ముందుకు చాపాడు.

"నీ వంతు. హై టైడా, లో టైడా? నిండుగానా, సగమా?"

"తర్వాత తాగుతాను. కాస్త జరగండి."

"తిమింగలానికే తొందర లేదు, నీకేమిటయ్యా?" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. చిప్ప అంచుదాకా నిండింది.

చేతికొచ్చిన చిప్పను కాదనకూడదు, కూర్చున్నవాళ్ళను దాటి పోకూడదు. ఈ దేశంలో పుట్టిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా దాటబోయాను. వెనక నుంచి అమ్మ నా చొక్కా పట్టుకు లాగింది.

"తాగరా. పదిమందిలో పరువు తీస్తావా?"

ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టాను, తాగాను, మళ్ళీ చప్పట్లు. వాళ్ళు తీరిగ్గా మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. అమ్మ బయటికి వచ్చేసరికి నీళ్ళ మీద నురగ తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడే మునిగింది ఆజీ! ఎంత తోకో!" అన్నారు ఆడపిల్లలు అమ్మతో.

మళ్ళీ రాలేదు. తిరిగొచ్చేటప్పుడు అధ్యక్షుడు మైకు పట్టుకుని, "మనలో పెద్దావిడ కూడా దర్శనం చేసుకున్నారు. కదమ్మా?" అన్నాడు. అమ్మ చేతులు జోడించి, "చూశాను బాబూ" అంది.

"చూడలేదు," అన్నాను నేను లేచి.

"ఇతనికి ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదే," అన్నారెవరో. అమ్మ మళ్ళీ నా చొక్కా లాగి కూర్చోబెట్టింది.

మరుసటి ఏడు తిమింగలాలు వచ్చే కాలానికి, సంఘంతో సంబంధం లేని వేరే పడవ మాట్లాడాను. అంచున సీటు కావాలని గట్టిగా చెప్పాను. ఆ పొద్దున టాక్సీ వచ్చి నిలబడ్డా అమ్మ మంచం దిగలేదు.

"చూశానని అందరి ముందూ చెప్పాను కదరా. మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారు?"

"ఎవరికి తెలుస్తుందమ్మా?"

"లౌటోకాలో ఏది దాగుతుందిరా?" అంది అమ్మ, గోడవైపు తిరిగి పడుకుంటూ.

బయట టాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. వెళ్ళి పంపేశాను.