యాదమ్మ చూసుకున్న టైల్‌ఫిష్

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు యాదమ్మ హాల్లో ట్యూబ్‌లైటు వేసింది. రోజూ వేసేదే. మూడేళ్ల కిందట, ఫిబ్రవరిలో, మేడ్చల్ నుంచి రావల్కోల్ వెళ్లే దారిలో ఒక కొత్త ఇంట్లో జరిగిన సంగతి ఇది. ఆ హాల్లో ఆరడుగుల సముద్రపు నీటి అక్వేరియం ఉంది. దాన్ని పెట్టింది నేనే. అందులో టైల్‌ఫిష్ జంటను వదిలి అప్పటికి నాలుగు రోజులైంది.

నేను యాప్రాల్‌లో ఉంటాను. ఇళ్లలో ఇలాంటి ట్యాంకులు పెట్టి, చూసుకోవడం పదిహేనేళ్లుగా నా పని. మంచినీటి చేపలకంటే సముద్రపు చేపలు కష్టం. నీళ్లలో ఉప్పు మోతాదును సాలినిటీ అంటాం. అది కాస్త అటూ ఇటూ అయినా అవి తట్టుకోవు. వాటిలోనూ టైల్‌ఫిష్ మరీ కష్టం. జానెడులోపు పొడవు, సన్నని ఒళ్లు, ఊదారంగు. సముద్రంలో లోతున, మసక వెలుతురులో, రాళ్ల ముక్కల కింద గుంత చేసుకుని జంటగా బతుకుతుంది. ఉలిక్కిపడితే పైకి ఎగురుతుంది. మూతలో సందుంటే బయట పడుతుంది.

దానికి తోడుగా ఏ చేపను పెడతామన్నది చాలా ముఖ్యం. ఇంటి యజమానిని ఊళ్లో అందరూ పటేల్ అంటారు. ఆయన ట్రిగ్గర్‌ఫిష్ కావాలన్నాడు. అది పక్క చేపలను కొరికే రకం. వద్దని చెప్పి, ఫైర్‌ఫిష్ అనే సాధువైన చిన్న చేపలు రెండు వేశాను. లైటు ఒక్కసారిగా వేయవద్దని కూడా పటేల్‌కు చెప్పాను. అందరికంటే ముందు ఆ హాల్లో అడుగుపెట్టే మనిషికి మాత్రం చెప్పలేదు.

ఆ మనిషి యాదమ్మ. అరవై దాటిన వయసు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి కోడలు. భర్త పోయాక పటేల్ ఇంటి వెనక గదిలో ఉంటూ ఇంటి పని చేసేది. ఆమె చనిపోయి పది నెలలైంది. ఆమె గురించి రాసేవాళ్లు ఎవరూ లేరు కనుక నేను రాస్తున్నాను.

ఆరున్నరకు పటేల్ ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఆయన సోఫాలో కూర్చుని ఉన్నాడు. యాదమ్మ చీపురు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

“లైటేసి చేపను సంపింది. ఇగ పనికి వద్దు, పొమ్మని జెప్పిన” అన్నాడు పటేల్.

“సావలేదు పటేలా. లోపలున్నది” అంది యాదమ్మ.

వంగి చూశాను. రాళ్ల కింద చేప ఉంది. మొప్పలు ఆడుతున్నాయి. తోక అంచు కాస్త చిరిగింది. జంటలో రెండోది దాని వెనకే నక్కి ఉంది.

“ఎట్ల తీసినవమ్మా?” అని అడిగాను.

“టప్పుమని సప్పుడైంది సారు. జూస్తే ట్యాంకు స్టాండు ఎనక కొట్టుకుంటాంది. చేతులు తడుపుకోని తీసిన. పొడి చేయి తగిల్తే ఒంటి మీది జిగురు పోతది.”

పక్కనే నేల తుడిచే బకెట్ ఉంది. “బకెట్ల తడుపుకున్నవా?” అన్నాను.

“బకెట్లయి మంచినీళ్లు. ఈ అద్దం అంచుకు తెల్లగ ఉప్పు గడితే రోజు తుడిసేది నేనే గద. ఉప్పునీళ్ల చేప అని నాకు ఎరుకనే. ట్యాంకులనే ముంచిన చేతులు.”

ఆ జిగురు పోతే చేపకు రోగం పట్టుకుంటుందని నేను పుస్తకాల్లో చదివాను. అయినా తొందరలో పొడి చేత్తో పట్టుకున్న రోజులు నాకు ఉన్నాయి.

మూత చూశాను. నీళ్లు తిరిగి లోపలికి వచ్చే గొట్టం దగ్గర రెండు వేళ్ల సందు ఉంది. వచ్చేవారం వలలాంటి జాలీ కోసి బిగిద్దామని నేనే వదిలేసిన సందు. పటేల్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఊరుకుంటే తప్పు ఆమె మీదే ఉండిపోతుంది. ఆ సందులో వేలు పెట్టి చూపించాను.

తర్వాత చెప్పాను. “తప్పు నాది పటేల్. గీ సందు నేనే ఇడిసిపెట్టిన. లైటు సంగతి గూడ ఆమెకు జెప్పలే.”

“నాకు జెప్పినవ్ గద.”

“మీరు లేసేదే ఎనిమిదింటికి.”

నవ్వు దాచుకుంటూ యాదమ్మ ముఖం అటు తిప్పుకుంది. పటేల్‌కు నవ్వు రాలేదు. “సరె. వారం జూస్త. అది తినకుంట సచ్చిందనుకో, ట్యాంకూ వద్దు, ఈమే వద్దు” అని లేచి వెళ్లాడు.

ఆ రోజే జాలీ బిగించాను. యాదమ్మ తన పాత చీర తెచ్చి ట్యాంకుకు మూడు వైపులా కప్పింది. చెరువు నుంచి తెచ్చిన చేపల కుండ మీద తడిగుడ్డ కప్పితే చేప నిమ్మళంగా ఉంటుందట. మూడు రోజులు చేప గుంత వదల్లేదు. గడ్డకట్టించిన సన్నరొయ్యలు వేస్తే, అవి దాని నోటి ముందుకు కొట్టుకొచ్చినా ముట్టలేదు. నాలుగో రోజు వెళ్లేసరికి యాదమ్మ ట్యాంకు ముందు నేల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

“రోజు గీడనే, గీ యాళ్లకే కూసుంటున్న. మనిషి అలవాటు గావాలె గద” అంది. తర్వాత చేట పక్కన పెట్టి అడిగింది. “ఒక మాట జెప్తే తప్పు వట్టవు గద బిడ్డా? చెరువుల చిన్న చేపలు పైన ఆడుతుంటెనే కింది చేప బయటికొస్తది. ఏం భయం లేదని దానికి ఎరుకైతది. దీంట్ల ఎవరాడుతున్నరు? నువ్వేసిన గా రెండు గూడ దాక్కునేటియే.”

ఫైర్‌ఫిష్ కూడా పిరికివే. పిరికి చేపను ముందు కుదురుకోనిచ్చి, చురుకైనవాటిని తర్వాత వేయాలని నేను నేర్చుకున్నాను. అది మంచి పద్ధతే. కానీ అప్పుడు ఆ ట్యాంకులో పైన ఈదే చేప ఒక్కటీ లేదు. కొత్త చేపలను రోగం లేదని తేలేదాకా విడిగా ఉంచుతాం. దాన్ని క్వారంటైన్ అంటారు. అలా నెల దాటిన క్రోమిస్ చేపలు నా దగ్గర ఐదు ఉన్నాయి. లేత ఆకుపచ్చవి, ఎవరి జోలికీ పోనివి, రోజంతా గుంపుగా ఈదేవి. సాయంత్రం తెచ్చి వదిలాను.

ఆరో రోజు యాదమ్మ ఫోన్ చేసింది. “తిన్నయి బిడ్డా. రెండు గూడ తిన్నయి.”

ఆ తర్వాత పనుల మధ్య రోజుకు ఐదుసార్లు, చిటికెడు చిటికెడు వేసేది. టైల్‌ఫిష్‌కు అలాగే పెట్టాలి. నేను మూడుసార్లు చాలని రాసిచ్చాను. ఆమె ఐదు చేసింది. ఆ ఇల్లు కాక ఇంకెక్కడా నేను పెట్టిన టైల్‌ఫిష్ జంట మూడేళ్లు బతకలేదు.

పటేల్ ఆమెను మళ్లీ పొమ్మనలేదు. ఒకరోజు పొద్దున్నే నేను నీళ్లు మార్చడానికి వెళితే, ఆయన స్విచ్ దగ్గర నిలబడి అడుగుతున్నాడు. “యాదమ్మా, లైటెయ్యాల్నా?”

“ఊకో పటేలా, అయి ఇంక లేవలే. నీ లెక్కనే, ఎనిమిదింటికి లేస్తయి.”

ఈసారి ఆయన నవ్వాడు.

ఇప్పుడు ఏ ఇంట్లో ట్యాంకు పెట్టినా, ఆ ఇంట్లో ముందు లేచేది ఎవరో కనుక్కుని, మొదట వాళ్లతో మాట్లాడతాను. మొన్న పటేల్ ఇంటికి వెళ్లాను. కొత్తగా పనికి వచ్చినామె కిటికీ పరదా బెత్తెడు జరిపి, ఆ వెలుతురులోనే ఊడుస్తోంది. ఎందుకలా అని అడిగితే, ఈ ఇంట్లో ఇంతే అంది. యాదమ్మను ఆమె చూడలేదు. టైల్‌ఫిష్ రెండూ గుంత పైన, క్రోమిస్‌ల కింద ఈదుతున్నాయి.

ఆ హాల్లో పొద్దున ట్యూబ్‌లైటు వేయరు.