చెవులమ్మ ఎంచిన రికార్డర్

చెవులమ్మ అన్న పేరు ఆమెకు సొంత అన్నయ్యే పెట్టాడు, వేళాకోళానికి. మందుల దుకాణం పైన ఉన్న రెండు గదుల్లో ఇద్దరూ కలిసి వీడియోలు తీసే పని నడుపుతున్నారు. బొమ్మ అతని బాధ్యత, శబ్దం ఆమెది. పన్నెండేళ్ళలో ఎన్నో లెన్సులు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఆమె, "అన్నయ్యా, ఈసారైనా విడిగా ఒక రికార్డర్ కొందామా?" అని అడిగేది. "కెమెరాలో మైకుందిగా!" అని అతను కొట్టిపారేసేవాడు.

ఒక సోమవారం వాళ్ళ దగ్గరికి అనౌన్సరమ్మ వచ్చింది. బస్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ముప్పై ఏళ్ళపాటు ఊరందరికీ చెప్పిన గొంతు ఆమెది. ఆ గొంతులోనే పుండు. గురువారం ఆపరేషన్, స్వరపేటిక మొత్తం తీసేస్తారు. కూతురికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు తన మాట దాచిపెట్టాలని ఆవిడ కోరిక. నలభై నిమిషాలు మాట్లాడింది, మధ్య మధ్య పకపకా నవ్వింది. ఆ సేపంతా అన్నయ్య చెల్లెలి చేతికి లైటిచ్చి నిలబెట్టాడు. హెడ్‌ఫోన్లు బల్లమీదే ఉండిపోయాయి.

సాయంత్రం చెవులమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. ఆవిడ గొంతు తగ్గించిన చోటల్లా కెమెరా తనంతట తానే శబ్దం లెవల్ పెంచేసుకుని ఏసీ హోరును పైకి లాగింది. నవ్విన చోటల్లా శబ్దం పగిలి గరగరలాడింది.

"వెనకాల కాస్త వయొలిన్ వేస్తే ఎవరికీ తెలీదులే," అన్నాడు అన్నయ్య.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపు ఆ బిడ్డ వినాల్సింది అమ్మమ్మనా, వయొలిన్‌నా? పన్నెండేళ్ళుగా మొత్తుకుంటున్నా, ఒక్కసారైనా చెవిన పెట్టావా? రేపు పొద్దున్నే షాపుకెళ్తున్నాం. మారుమాట్లాడావంటే ఊరుకోను."

మంగళవారం షాపులో సేల్స్‌మన్ ఆమె వైపు చూడనైనా లేదు. "సార్, ఇది చూడండి, కలర్ తెర. ఫోన్‌తో కూడా కలుస్తుంది."

అన్నయ్య మురిసిపోయాడు. "ఎంత ముద్దుగా ఉందో!"

"ముద్దు పెట్టుకోడానికా కొంటున్నాం?" అంటూ ఆమె సంచిలోంచి తన మైకూ హెడ్‌ఫోన్లూ తీసింది. దానికి మైకు కేబుల్ గుచ్చి కాస్త కదిపింది, చెవిలో టపటపమంది. పక్కన పెట్టేసింది. రెండోదానికి మైకు తగిలించి, "ఇద్దరూ ఒక్క నిమిషం నోళ్ళు మూసుకోండి," అని లెవల్ పెంచింది. ఎవరూ మాట్లాడకపోయినా వాన కురుస్తున్నట్టు ఒకటే బుస. అదీ వద్దంది.

మూడోది నల్లగా, ఇటుకలా మొరటుగా ఉంది. కేబుల్ టక్కున బిగిసి కూర్చుంది. బుస లేదు. ఒకే మాటను ఎక్కువా తక్కువా రెండు లెవళ్ళలో రాసుకుంటుంది కాబట్టి, మనిషి ఉన్నట్టుండి నవ్వి ఒకటి పగిలినా రెండోది మిగులుతుంది. రికార్డవుతుండగానే ఆమె బ్యాటరీలు ఊడబెరికింది.

"అమ్మా, ఏంటమ్మా ఆ పని!" సేల్స్‌మన్ నోరు వెళ్ళబెట్టాడు.

"పని మధ్యలో ఇది చచ్చిపోతే ఏం మిగుల్తుందో ఇక్కడే తేల్చుకుంటున్నా." బ్యాటరీలు మళ్ళీ వేసి వింది. చివరి రెండు సెకన్లు తప్ప అంతా భద్రంగా ఉంది. "ఇదివ్వండి."

"సార్ ఏమంటారో..."

"సార్‌ని అడిగేదేంటి? వినేది నేను!"

సార్ పర్సు తీశాడు.

బుధవారం అనౌన్సరమ్మ ఇంట్లో చెవులమ్మ ఫ్రిజ్ ఆపించింది, ఫ్యాన్ ఆపించింది, కిటికీకి దుప్పటి కట్టింది. అయితే ముందురోజు ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి చూశారట. ఆవిడ మాట గాలిలా వస్తోంది.

"మొన్నటిది సరిగ్గా రాలేదా అమ్మా?"

అబద్ధం చెవులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. "రాలేదండీ. తప్పు మాదే."

ఆవిడ మైకు దగ్గరికి జరిగింది. ఆరు నిమిషాలు. ఊపిరి తీసుకోవడం కూడా స్పష్టంగా పడింది. నవ్వు మాత్రం ఒక్కసారే, అదీ సగంలో దగ్గుగా మారింది.

గదికి తిరిగొచ్చాక అన్నయ్య విని, "బాగా వచ్చిందే," అన్నాడు.

"ఆరు నిమిషాలొచ్చింది. నలభై పోగొట్టాం. బాగా అనకు."

ఆపరేషన్ జరిగిన వారానికి ఆవిడ కూతురు నిండు కడుపుతో మెట్లెక్కి వచ్చింది. రెండు రికార్డింగులూ వింది. "ఈ హోరులో అమ్మ ఏం చెప్పిందో కాగితం మీద రాసిస్తారా? అడిగితే అమ్మ ఇప్పుడు చెప్పలేదు కదా," అంది.

చెవులమ్మ మూడు రోజులు కూర్చుంది. ఒక్కో వాక్యాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి, పళ్ళు కొరుకుతూ రాసింది. మాట అందని ప్రతి చోటా అన్నయ్యను పైకే తిట్టింది, పక్కగదికి వినపడేలా. అతను ఆ మూడు రోజులూ అక్కడే కూర్చున్నాడు. మధ్య తలుపు మూసుకోలేదు.