మిద్దెకు పడిన బొక్క

నా చిన్నప్పుడు, కోయిలకుంట్ల పక్కన మా ఊర్లో, ఒక పెద్ద మిద్దె ఉండేది. చెక్కిన టేకు కంబాలు, మనిషి కూర్చునేంత గూళ్ళు, గుర్రం తల వంచకుండా పోయేంత వాకిలి. ఆ ఇంటి వాళ్ళంతా ఒక్కొక్కరే పోయి, చివరికి ఒక ముసలవ్వ మిగిలింది. మట్టి మిద్దెకు ఏటా వానలకు ముందు పైన చౌడు మట్టి పరచాల. పరచకపోతే వాన నేరుగా ఇంట్లోకే. ఊర్లో ఆ పని మా జేజినాయనది, అంటే మా నాయనకు నాయనది. ఆయన వెంట తట్ట మోసేది నేను.

ఆ ఏడు అవ్వ పండుకునే మంచానికి సరిగ్గా పైన కప్పుకు బొక్క పడింది. మేము చౌడు తట్టలతో పోయేసరికి కర్నూలు నుంచి వచ్చిన ఫోటోలాయన ఒకడు గదిలో ఉన్నాడు. పాడుబడిన ఇండ్ల ఫోటోలు పత్రికలకు పంపుతాడట. బొక్కలోంచి దిగే ఎండను చూసి మురిసిపోతున్నాడు. అవ్వను జుట్టు విరబోసుకొని అందులో కూర్చోమన్నాడు. ఇంతలో మబ్బు కమ్మింది. రేపు ఎండ వచ్చేదాకా బొక్క ముయ్యొద్దని మాకు హుకుం! పుట్టి ఒక్క ఫోటో ఎరగని అవ్వ కూడా, "ఒక్క దినమే గదప్పా, ఉండనీ" అంది.

జేజినాయన ఎదురు చెప్పలేదు. "సరే సామీ, వెలుగు యాడ పడతాదో నువ్వే ఆ మంచం మీద పండుకొని సూడు" అన్నాడు. ఆయన కెమెరా పక్కన పెట్టి వెల్లకిలా పండుకున్నాడు. జేజినాయన పైకెక్కి, మట్టి తడపడానికి తెచ్చుకున్న కడవెడు నీళ్ళూ బొక్కలో కుమ్మరించాడు. కింద ఒకటే కేక. ఈయన వంగి, "ఏమప్పా, వాన బాగుండాదా?" అని అడిగాడు.

నేను నవ్వుతుంటే అవ్వ మాత్రం ఏడ్చింది. "నా మొగం ఒక్కసారి కాగితం మీద పడేది, దాన్ని గూడా ముంచితివి గదరా" అని జేజినాయనను తిట్టింది. జేజినాయన బొక్క మూసి, దిగొచ్చి, తన తువ్వాలు తీసి ఆ తడిసినాయనకు ఇచ్చాడు. "అరుగు మీద గూడా వెలుతురు ఉండాది సామీ. ఆమె పాడుబడిన కొంప గాదు, మనిషి" అన్నాడు. ఆయన గొణుక్కుంటూనే తల తుడుచుకున్నాడు. అవ్వ జుట్టు ముడేసుకొని, పెట్టెలోని పట్టుకోక కట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చుంది. ఫోటో తీశాడు. సాయంత్రం కురిసిన వానకు మంచం మీద చుక్క పడలేదు.

ఆ మిద్దె ఇప్పుడు ముక్కాలు వంతు కూలిపోయింది. మిగిలిన ఒక్క గదిలో కూలికి పోయే ఒక తల్లి, ఇద్దరు బిడ్డలు ఉంటున్నారు. మొన్న ఆ పక్కగా పోతూ చూస్తే, ఆమె కప్పు మీద పరిచిన నీలం ప్లాస్టిక్ పట్ట నేల మీద పడి ఉంది. పట్నం నుంచి వచ్చిన నలుగురు కెమెరాలు పట్టుకొని లోపల ఉన్నారు. ఆ రంగు ఫోటోకు నప్పలేదట, తియ్యమన్నారట! ఎందుకు తీసినావమ్మా అంటే, "సదువుకున్నోళ్ళు అడిగితే ఎట్ల కాదంటా తాతా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళలో ఒకడు, మేము వారసత్వాన్ని కాపాడతాండాం పెద్దాయనా అని నాకు పాఠం చెప్పబోయాడు. బడికి పోకపోయినా, పొట్లాల కాగితాలు మొదలుకొని నా అంతట నేను చదువుకున్నవాణ్ణి. వారసత్వమన్న మాట నాకూ తెలుసు. "కాపాడేటోడు కప్పు పీకుతాడారా? సిగ్గుండాదా? ఎక్కండి పైకి!" అని అరిచాను. ఎక్కారు, పరిచారు, అంచులకు రాళ్ళు పెట్టారు. నేను కింద నిలబడి చివరి రాయిదాకా పెట్టించాను.

గోడ కూలితే అందమట, కప్పు ఊడితే ఇంకా అందమట! ఆ అందాన్ని చూసేవాళ్ళు ఎవరూ అక్కడ ఒక్క రేయి పండుకోరు. నేను మాత్రం ఈ వయసులోనూ ఏ పాతిల్లు కనబడినా ముందు తలెత్తి కప్పు చూస్తాను, తర్వాత దాని కింద ఎవరు పండుకుంటున్నారో అడుగుతాను. ఆ రెండూ తెలిసేదాకా అది బాగుందన్న మాట నా నోట రాదు.