చెవిలో దూర్చుకునేవా, చెవి మీద పెట్టుకునేవా

మా ఊళ్ళో బడి మూడో తరగతి వరకే ఉండేది. నాలుగుకి కాలవ దాటి పక్క ఊరు వెళ్ళాలి, నన్ను పంపలేదు. చదువు అక్కడ ఆగింది గాని కథల పిచ్చి ఆగలేదు. ఇప్పుడు ఫోనులో ఎవరెవరో కథలు చదివి వినిపిస్తున్నారు కదా, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నా రైలు ప్రయాణం నాకు పండగే. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి, ఏలూరులో దిగి, ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. వెళ్ళేటప్పుడొక కథ, వచ్చేటప్పుడొక కథ.

మొదట్లో ఫోను ఒళ్ళో పెట్టుకుని పైకే వినేదాన్ని. ఒకరోజు ఎదురు సీటాయన పేపరు మడిచి, "ఏవండీ, కథ బాగుందండి. కాని నేను భీమడోలులో దిగిపోతానండి. ఆఖర్న ఏమైందో రేపు కాస్త చెబుతారా?" అన్నాడు. ఎంత మర్యాదగా తిట్టాడో, ఆయన దిగిపోయాక గాని నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే మా అమ్మాయిని వెంటబెట్టుకుని గూడెంలో సెల్‌ఫోన్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన బల్ల మీద రెండు రకాలు పెట్టాడు.

"ఇవి చెవిలో దూర్చుకునేవండి. ఇవేమో చెవి మొత్తం కప్పేవండి. రైలు మోత వినపడకూడదంటే పెద్దవే తీసుకోండి."

పెద్దవి పెట్టి చూశాను. మోత మాట దేవుడెరుగు, చెవిదుద్దుల శీలలు మెడ వైపు గుచ్చుకున్నాయి. నడినెత్తి మీది పట్టీ జారి తలలో చేమంతుల్ని నొక్కేసింది. మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, "అమ్మా, రెండు చెవులకీ కొబ్బరిచిప్పలు కట్టినట్టున్నావే!" అంది. వేసవిలో చెవులు ఉడికిపోవడం ఖాయం, టిఫిను సంచిలో పట్టవు కూడాను. చిన్నవి చూస్తే చింతపిక్కంత. పడిపోతాయేమోనని ఒక్కటే బెంగ. కాని పైన కొంగు కప్పుకుంటే పెట్టుకున్నట్టు ఎవరికీ తెలియదు. ఈ వయసులో ఈ సోకులేమిటని ఎవరూ అనరు. చిన్నవే తీసుకున్నాను. తెలియకపోవడమే వాటి గొప్ప అనుకున్నాను, చివరికి కొంప ముంచిందీ అదే.

ఆ మాఘమాసంలోనే మా కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకున్నాం. ఉన్నవి రెండు గదులే అయినా ఇరవయ్యేళ్ళ అద్దె బతుకు తర్వాత అది మాకు కోటే. ఆ రోజు పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. మా ఆయనకి ఉన్నది ఒక్కగానొక్క అక్క, కొల్లేటి పక్క ఊళ్ళో ఉంటుంది. మోకాళ్ళ వైద్యానికి అప్పుడప్పుడు భీమడోలులో మా రైలే ఎక్కి ఏలూరు వస్తుంది.

ముహూర్తం ఇంకా పది రోజులుందనగా, మంచు బాగా పడుతున్న ఒక పొద్దున, నేను కిటికీకి ఆనుకుని, తల మీదుగా కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని కథ వింటున్నాను. కథ వింటే ఊ కొట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ఊ కొట్టకపోతే మా అమ్మమ్మ కథ అక్కడికక్కడే ఆపేసి పడుకునేది. ఫోనుకి ఊ అక్కర్లేదని తెలుసు, కాని నోరు ఊరుకోదు కదా. కథలో ఒకడు అత్తారింటికి వెళ్ళి గారెల గిన్నెలో చెయ్యి ఇరికించుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

ఏలూరు వచ్చిందని జనం లేస్తుంటే కళ్ళు తెరిచాను. నా పక్కనే కూర్చున్న మనిషి లేచి విసురుగా వెళ్ళిపోతోంది. చూస్తే మా వదినగారు! "వదినగారండీ!" అని కేకేశాను. వెనక్కి తిరగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. ఫోనులోంచి మా వదినగారి గొంతు గదంతా వినిపిస్తోంది.

"నా గేదె చచ్చిపోయిందిరా అని చెబుతుంటే ఊ, ఊ అంది. మీ ఇంట్లో దాని పాలే పొంగిద్దామనుకున్నానే అంటే, పకపకా నవ్విందిరా నీ పెళ్ళాం! ఆ పాలేవో దాని చేతే పొంగించుకోండి."

నేను ఫోను అందుకున్నాను. "అయ్యో వదినగారండీ, నా చెవుల్లో ఇయర్‌ఫోన్సు ఉన్నాయండి. మీ మాట ఒక్కటి కూడా వినపడలేదండి."

"వినకుండా ఊ ఎలా కొట్టావే?"

అది చిన్నప్పటి అలవాటని చెప్పబోయాను. ఆవిడ పెట్టేసింది.

"మా అక్క రాకపోతే ఈ ఇంట్లో పొయ్యి ముట్టించేది లేదు," అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన కోపంగా అన్నా బాగుండేది, ఏడుపుగొంతుతో అన్నారు.

ఆదివారం నేనొక్కదాన్నే బయలుదేరాను. భీమడోలులో దిగి, చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో వెళ్ళాను. మా వదినగారు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అటు తిరిగి కూర్చుంది. సంజాయిషీలు చెప్పి లాభం లేదని, సంచిలోంచి చింతపిక్కలు తీసి, బతిమాలి ఆవిడ చెవుల్లో పెట్టి, ఓ రాజుగారి కథ పెట్టాను. మొహం గంటు పెట్టుకునే విన్నది. కాసేపటికి మొహం వదులైంది. ఇంకాసేపటికి, "ఊ," అంది.

నేను ఒక చెవిలోది మెల్లిగా తీసి, "ఎవరికండీ ఊ కొడుతున్నారు?" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, ఫోను చూసింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా!" అని నవ్వేసింది. ఆ నవ్వులోంచే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. అప్పుడడిగాను, గేదెకి ఏమైందండీ అని. దూడగా కొన్న రోజు నుంచి మొదలుపెట్టి చెప్పింది. ఈసారి ప్రతి ఊ చెవులతో విని కొట్టాను.

వచ్చేసేటప్పుడు గట్టిగానే చెప్పింది. "పెద్దవి కొనుక్కో. చెవిటిదానివని ఎదటివాళ్ళకి తెలియాలి."

పెద్దవే కొన్నాను. దుద్దులు తీసి చిన్న పోగులు పెట్టుకున్నాను. ఇప్పుడు రైల్లో ఎవరికైనా నాతో పనుంటే భుజం తట్టి పిలుస్తున్నారు.

గృహప్రవేశం నాడు మా వదినగారు అందరికంటే ముందు వచ్చింది. పక్కింటి గేదె పాలు క్యానుతో తెచ్చింది. "ప్యాకెట్టు పాలకి నా చెయ్యి తగలనివ్వను," అంటూ గిన్నె పొయ్యి మీద పెట్టింది. పాలు తూర్పుకి పొంగాయి. మా ఆయన అక్క కాళ్ళకి దణ్ణం పెట్టారు.

భోజనాలయ్యాక నన్ను వెనక గదిలోకి పిలిచింది. "ఆ చిన్నవి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"నాకిచ్చెయ్. కొడుకూ కోడలూ తెల్లారకుండా చెరువుల మీదకి పోతారు. పాలు పిండుకుంటూ ఆ గేదెతోనే మాట్లాడుకునేదాన్ని. ఇప్పుడు నేను పలకలేదని అలిగేవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు?"

ఆవిడ ఫోనులో కథలు ఎలా పెట్టుకోవాలో మా అమ్మాయి కూర్చోబెట్టి నేర్పింది. సాయంత్రం బండికి వెళ్ళాల్సిన మనిషి, ఆ రాత్రి మా కొత్త ఇంట్లోనే ఉండిపోయింది.