ఐదున్నర మాస్టారు

పెద్ద ఈరన్న మాస్టారు లోకంలో సహించలేనిది ఒక్కటే: "వస్తాండా" అనే మాట. కరాటే నేర్పేవాడు కదా, దొంగల మీదో రౌడీల మీదో కోపం ఉంటుందనుకుంటారు. వాళ్లతో ఆయనకు ఏ పేచీ లేదు, చెప్పిన వేళకు వస్తే చాలు.

మా కోడుమూరులో ఆ మాటకున్న అర్థాలు ఏ నిఘంటువులోనూ దొరకవు. మంచం మీద పడుకుని ఫోనులో "వస్తాండా" అంటాం. స్నానానికి నీళ్లు పెట్టుకుని "వస్తాండా" అంటాం. అసలు బయల్దేరే ఉద్దేశమే లేకపోతే "వచ్చేస్తి" అంటాం. ఈ విద్యలో నేనూ ఎవరికీ తీసిపోను. అలాంటి ఊళ్లో ఆయన కల్యాణ మండపం భోజనాల హాల్లో సాయంత్రం ఐదున్నరకు క్లాసు పెట్టి, ఐదూ ముప్ఫై ఒకటికి గేటు మూసేవాడు. మండపం అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చోవడం నా అలవాటు కనుక ఇదంతా రోజూ చూసేవాణ్ణి. ఆ నెలల్లో పుస్తకం పెద్దగా ముందుకు సాగలేదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆయన ఇంటికి పంపడు. అదే అసలు శిక్ష. గేటు బయట, మిరపకాయ బజ్జీల బండి పక్కన నిలబడి క్లాసంతా చేయాలి. లోపల మాస్టారు అంకె చెప్పగానే బయట గుద్దు పడాలి. బజ్జీలు తినేవాళ్లు మోచెయ్యి ఇంకొంచెం ఎత్తమని సలహాలిచ్చేవారు. ఇనుప సామాన్ల అంగడి రామకోటయ్య శెట్టి కూతురు సుప్రజది అక్కడ శాశ్వత స్థానం. ఆర్నెల్లలో ఆ పిల్ల కరాటే కంటే బజ్జీలు వేయడం బాగా నేర్చిందని వాళ్లమ్మ గొడవ.

పెద్దలకూ మినహాయింపు లేదు. ఒకసారి బెల్టులు పంచే సభకు భూపేష్ అనే నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన ఆరు కార్లతో గంట ఆలస్యంగా దిగేసరికి కుర్చీలు మడతపెడుతున్నారు. తాను రాకుండానే ఎట్లా ముగించావని ఆయన నిలదీశాడు.

"మీరు మాట్లాడినట్టే అనుకోని చప్పట్లు గూడా కొట్టేసినాం సార్," అన్నాడు మాస్టారు.

నిజంగానే కొట్టించాడు. నేనూ కొట్టాను. అంత బాగున్న ఉపన్యాసం మళ్లీ వినలేదు.

మొదలెంత ఖచ్చితమో ముగింపూ అంతే. ఆరున్నర కొట్టిందంటే సెలవు. ఎగిరి తన్నుతున్నవాళ్లు నేలమీదికి దిగేసరికి క్లాసు అయిపోయి ఉండేది.

ఈ ఐదున్నర దెబ్బకు నలభై మంది పిల్లలు పదిహేను మందికి తగ్గారు. మండపం వ్యాపారుల సంఘానిది, సంఘానికి అధ్యక్షుడు రామకోటయ్య. ఒక సాయంత్రం ఆయన నలుగురు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని, క్లాసు ముగిసే వేళకు వచ్చి తేల్చి చెప్పాడు. ట్యూషన్లు వదిలేసరికే ఐదున్నర అవుతోంది కాబట్టి క్లాసు ఆరుకు మార్చాలి. లేదంటే వచ్చే నెల నుంచి హాలు యోగా వాళ్లకు. మాస్టారికి ఊళ్లో ఇంకో చోటు లేదు. హాలు పోతే పన్నెండేళ్లుగా నడుపుతున్న క్లాసు పోయినట్టే.

"అర్ధగంటప్పా. అర్ధగంటకు నీదేం పోతాది?"

"అయ్యేది కాదు శెట్టీ."

"యాల కాదు?"

"కాదంటే కాదు."

కారణం అడిగితే క్రమశిక్షణ అన్నాడు, జపాను అన్నాడు. రామకోటయ్య జపానును ఒప్పుకోలేదు. వాదన ముదిరింది. పాపం పిల్లలు, ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక, మోకాళ్లు వంచి గుర్రమెక్కినట్టు అలాగే నిలబడి ఉన్నారు. ముందు వరసలో, పల్లె నుంచి వచ్చే జీవిత మాత్రం గోడ గడియారాన్నే చూస్తోంది. ఆ పిల్ల చూపు వెంట మాస్టారి చూపూ వెళ్లింది. ఆరూ ముప్ఫై ఏడు.

"పాపా, డ్రస్సు మార్చుకోని పరిగెత్తు," అని జీవితకు చెప్పి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి తానే ముందు దౌడు తీశాడు. జవాబు లేక పారిపోతున్నాడని రామకోటయ్య వెంటపడ్డాడు. ఆయన వెనక తల్లిదండ్రులు, వాళ్ల వెనక నేను.

బస్టాండులో ఆరూ నలభై పల్లె బస్సు కదలబోతోంది. తెల్ల డ్రస్సూ నల్ల బెల్టూ వేసుకున్న మాస్టారు దాని ముందు రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

"పక్కకు జరుగన్నా, టైమయ్యె," అంటున్నాడు డ్రైవరు నాగరాజ్.

"రెండు నిమిషాలప్పా. పాప వస్తాండాది."

మేమంతా ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

"యాడుండాది?"

"ఇదో, వచ్చేసె."

అప్పటికి జీవిత ఇంకా మండపం గేటు కూడా దాటి ఉండదు. మూడు నిమిషాల తర్వాత సంచీ పట్టుకుని రొప్పుతూ వచ్చి ఎక్కింది. బస్సు వెళ్లిపోయింది.

అప్పుడు చెప్పాడు మాస్టారు. ఆ పల్లెకు అదే ఆఖరి బస్సు. తప్పితే చీకట్లో ఆరు కిలోమీటర్లు నడక. ఒక్క రోజు తప్పినా మాన్పిస్తానని జీవిత తల్లి వెంకటేశ్వరమ్మ చేర్పించిన రోజే షరతు పెట్టింది.

"ఆ మాట మొదులే చెప్పొచ్చు గదప్పా," అన్నాడు రామకోటయ్య.

"చెప్తే పాపను అంటారు శెట్టీ, నీ ఒక్కదాని కోసరం మేమంతా ఉరకాల్నా అని. నన్ను తిట్టుకుంటే నాకేమి, నాకు అలవాటే."

"ఆరున్నరకు ఇడిస్తే ఆ పాప డ్రస్సు ఎప్పుడు మార్చుకోవాల, బస్సు ఎప్పుడెక్కాల? నీకు బుద్ధుండాదా?" అని రామకోటయ్య మాస్టారినే కోప్పడ్డాడు. "రేపటి నుంచి ఐదూ ఇరవైకి పెట్టు. ట్యూషన్ సారుతో నేను మాట్లాడతా. పిల్లోళ్లను నేను తోలిస్తా."

తోలించాడు కూడా. మర్నాడు ఐదూ పదికే పిల్లలందరూ మండపం ముందున్నారు. మానేసినవాళ్లలో కూడా ఏడుగురు వచ్చారు. రానిది హాలు తాళంచెవి జేబులో ఉన్న రామకోటయ్య ఒక్కడే. మాస్టారు సరిగ్గా ఐదూ ఇరవైకి రోడ్డు మీదే క్లాసు మొదలుపెట్టి, ఆరూ ఇరవైకి వదిలేశాడు.

ఆ రోజు జీవితకు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.