ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు

మా సోషల్ సారు పోయారు. మస్కట్‌లోని రూవిలో శుక్రవారం ప్రార్థనకు కూడే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని చూశాను. కింద పూలదండలు, పావురాలు. ఆ మెసేజ్ పెట్టింది సంఘ పెద్ద. ఒకప్పుడు సారు చెప్పిన పాఠం మీద బడికి వెళ్ళి ఫిర్యాదు చేసింది కూడా ఆయనే. అందుకే నాకు ఆ పావురాల మీద నమ్మకం కలగలేదు.

ఆ పాఠం బాగా గుర్తు. మస్కట్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నాం. యూరప్ నావికులు కొత్త ఖండాన్ని కనుగొన్నారని పుస్తకంలో ఉంది. సారు పటం మీద వేలు ఆనించి, "ఓడ వస్తాంటే ఒడ్డున నిలబడి చూసినోళ్ళున్నరు గదా. మరి ఓడను కనుక్కున్నది వాళ్ళే గదమ్మా?" అన్నారు. మేం నవ్వాం, ఆయన నవ్వలేదు. క్రైస్తవులు ఏలని నేలను పట్టుకోవచ్చని పోపులు రాజులకు అనుమతులిచ్చారనీ, తర్వాత అమెరికా కోర్టు ఆ ఆలోచననే చట్టం చేసి, మూలవాసులకు ఆ నేల మీద బతికే హక్కే గానీ పూర్తి యాజమాన్యం లేదందనీ చెప్పారు.

"ప్రార్థన ముగిసి చానా కాలమైంది. తీర్పు మాత్రం ఇంకా నడుస్తనే ఉన్నది" అన్నారు.

ఈమధ్య ఆ సిద్ధాంతం తమది కాదని రోములోని పోపు పీఠం ప్రకటించినప్పుడు ఉత్సాహంగా సారుకు ఫోన్ చేశాను. "మంచిదే. కోర్టులు గూడా చెప్పినయా?" అన్నారు, అంతే.

సారుది భద్రాచలం ఏజెన్సీ, కోయవారు. తాతగారు పోడు చేసుకున్న కొండను తెల్లదొరలు సర్కారు అడవి అన్నారట. "అక్కడ పోపు లేడు, వరస మాత్రం అదే" అనేవారు. మరి అదే మతంలో కూర్చుని పాటలెలా పాడతారని నాకు ఆయన మీదే అనుమానం. ఒకరోజు అడిగేశాను. "యేసును నమ్ముతా. ఆయన పేరు చెప్పి నేల కొలిచేటోళ్ళను నమ్మను" అన్నారు. ఏడాదికో ఉద్యోగం మారుస్తూ, ఇప్పుడు ఘాలాలో ఒక గోడౌన్ ఆఫీసులో కుదురుకోలేక కూర్చున్న నాకు, ఆ మాటంత స్థిరమైనది ఇంకేదీ దొరకలేదు.

ఆయనకొక అలవాటుండేది. పిక్నిక్‌కు ఊరు దాటి ఎక్కడికి వెళ్ళినా, అక్కడివాళ్ళను అడగకుండా చాప పరవనిచ్చేవారు కాదు. ఒకసారి కనుచూపు మేరలో మనిషి లేడు. బిర్యానీ చల్లారిపోతోంది. సారు దూరాన మేకల దొడ్డి చూసి ఎండలో నడిచి వెళ్ళారు. అక్కడి ముసలాయన పగలబడి నవ్వి, ఖర్జూరాలు, కహ్వా కాఫీ పట్టుకుని ఆయన వెంటే వచ్చాడు. "మా నాన్న బావి అటు పక్కనే" అని అరబ్బీలో చూపించాడు. మాకు కనపడింది రాళ్ళే.

సారు పోయిన మర్నాడు అల్ ఖౌద్‌లోని వాళ్ళ ఫ్లాట్‌కు వెళ్ళాను. ఇల్లంతా జనం. సంఘ పెద్ద వచ్చి, సారు భార్య, మా ఆంటీ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఊళ్ళో సారు పొలం ఖాళీగా పడుందంట కదమ్మా. ఆయన పేరు మీద మందిరం కడదామండీ. మీరు ఊఁ అంటే చాలు."

"అది ఏజెన్సీ నేల, బయటోళ్ళకి చెల్లదు గదయ్యా."

"కాగితాల్లో మీ మరిదిగారి పేరే ఉంటదండీ. మిగతాది మేం చూసుకుంటాం."

ఆంటీ కళ్ళు తుడుచుకుంది. "అది ఖాళీ గాదు, పడుకున్నది. నేల గూడా అలిసిపోద్ది. మళ్ళెప్పుడు విత్తాల్నో విత్తనాల పండుగకు ఊరంతా కూసొని చెప్తది. నేనొక్కదాన్ని తీసిచ్చేటందుకు అదేమన్నా నా చీరనా?"

"సారు ఆత్మ సంతోషిస్తుందమ్మా."

"ఆయన ఆత్మ సంగతి ఆయన చూసుకుంటడు లే. నువ్వు చాయ్ తాగు."

బయట చెప్పులు వేసుకుంటూ సంఘ పెద్ద పక్కవాడితో, "దుఃఖంలో ఉంది. అక్కడికెళ్ళాక మెత్తబడతది" అనడం విన్నాను. ఆ రోజే ఆంటీ శవపేటికతో ఊరికి బయల్దేరింది. ఆ మాట ఆమె చెవిన వేసే పంపాను.

నిన్న వీడియో కాల్ చేసింది. సమాధి అయిన వారానికే పొలం నాలుగు మూలలా ఎవరో సున్నం పూసిన హద్దురాళ్ళు పాతారట. ఎవరంటే ఎవరూ చెప్పడం లేదు. మరిది కూడా నేల చూపులు చూస్తున్నాడట. ఎవరి పనో నాకు తెలుసుననే అనిపిస్తోంది, రుజువు లేదు. మళ్ళీ వస్తారన్నది మాత్రం ఖాయం.

"మరేం చేశారు ఆంటీ?"

ఆమె ఫోన్‌ను పక్కనున్న ఒకామె చేతికిచ్చింది. మూడు తెల్లరాళ్ళు పెరికి దగ్గరికి చేర్చి ఉన్నాయి. మధ్య మంట, పైన అంబలి కుండ. సున్నం నల్లబడుతోంది. చుట్టూ ఊరి ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని, ఆకు డొప్పలు చేత పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాలుగో రాయి మీద ఆంటీ కూర్చుని, గరిటెతో కుండ కలుపుతోంది.